పదిహేడేళ్లకా, ఇరవై మూడేళ్లకా: వాయుసేనలో పై హోదాలను కోరుకునేవారు ఏ దారిన చేరాలి?

కర్నూలులో ఇంటర్ విద్యార్థులకు లెక్కలు చెప్పే వృత్తిలో ఉన్నందువల్ల, ఏటా ఫలితాలు వెలువడిన వారం పది రోజుల్లో ఇద్దరు ముగ్గురు తండ్రులైనా పిల్లలను వెంటబెట్టుకొని వచ్చి నన్ను ఒకే ప్రశ్న అడుగుతుంటారు: "మావోడు ఎయిర్‌ఫోర్సులో పెద్దాఫీసరు కావల్లంటాడు సార్, ఏ పరీక్ష రాయించల్ల?" ఒక పరీక్ష పేరు చెప్పి పంపించడం తేలికే. అయితే వాయుసేనలో ఏ వయసులో, ఏ ప్రవేశం ద్వారా, ఏ శాఖలో చేరతారన్న మూడు విషయాలే ముప్పై ఏళ్ల తరువాత ఆ అబ్బాయి ఏ మెట్టు మీద ఉంటాడన్నదాన్ని చాలావరకు నిర్ణయిస్తాయి కాబట్టి, ఆ తండ్రులకు నిలబడి చెప్పలేని విషయాన్ని ఇక్కడ కూర్చొని వివరంగా రాస్తున్నాను.

మొదట ఒక అపోహను తొలగించుకోవాలి. మన కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల పల్లెల్లో "ఎయిర్‌ఫోర్సు ఉద్యోగం" అన్నప్పుడు చాలామంది మనసులో ఉండేది ఒకప్పటి ఎయిర్‌మన్ ఉద్యోగం, ఇప్పటి అగ్నివీర్ వాయు. అది గౌరవప్రదమైన సేవే. కానీ నాలుగేళ్ల గడువుతో మొదలై, గడువు ముగిశాక గరిష్ఠంగా నూటికి పాతికమందికి మాత్రమే కొనసాగే అవకాశమున్న ఆ నియామకం వేరు, అధికారిగా కమిషన్ (అధికారి హోదాలో నియామకం) పొందడం వేరు. అధికారి కావాలని గట్టిగా కోరుకునే పిల్లవాణ్ణి "ముందు అందులో చేరు, తరువాత చూద్దాం" అని పంపడం సరైన సలహా కాదని నా అభిప్రాయం. అధికారి పరీక్షలు రాయడానికి మిగిలి ఉన్న వయసు ఆ నాలుగేళ్లలో చాలావరకు కరిగిపోతుంది.

హోదాల లెక్క

కమిషన్ పొందిన రోజున అధికారి ఫ్లయింగ్ ఆఫీసర్ అవుతాడు. రెండేళ్లకు ఫ్లైట్ లెఫ్టినెంట్, ఆరేళ్లకు స్క్వాడ్రన్ లీడర్, పదమూడేళ్లకు వింగ్ కమాండర్ హోదాలు వస్తాయి. ఈ మూడూ, అవసరమైన పరీక్షలు, యోగ్యతలు పూర్తి చేసుకుంటే, సర్వీసు కాలాన్ని బట్టి లభించేవి. ఆ పైన ఉన్న గ్రూప్ కెప్టెన్ హోదాకు పదోన్నతుల ఎంపిక మండలి ముందు నిలవాలి. ఎంపిక కానివారికి ఇరవై ఆరేళ్ల సర్వీసుకు కాలక్రమ పద్ధతిలో అదే హోదా దక్కుతుంది. ఎయిర్ కమోడోర్, ఎయిర్ వైస్ మార్షల్, ఎయిర్ మార్షల్ హోదాలు పూర్తిగా ఎంపిక మీద, ఖాళీల మీద ఆధారపడినవి. వాయుసేనలో "ఎయిర్ ఆఫీసర్లు" అని వ్యవహరించేది ఎయిర్ కమోడోర్ నుంచి పైవారినే. కాబట్టి "పెద్దాఫీసరు" అంటే ఆ మెట్టు, లేదా దాని పై మెట్లు అని ఈ వ్యాసంలో అర్థం చేసుకుందాం.

ఇక్కడే వయసు లెక్క ముందుకు వస్తుంది. జీతం, హోదా, సీనియారిటీ అన్నీ కమిషన్ తేదీ నుంచి కొలిస్తే, పదవీ విరమణ మాత్రం పుట్టిన తేదీ నుంచి కొలుస్తారు. ఇరవై ఒకటో ఏట కమిషన్ పొందినవాడు ముప్పై నాలుగో ఏట వింగ్ కమాండర్ అవుతాడు. ఇరవై ఐదో ఏట కమిషన్ పొందినవాడు అదే హోదాకు వచ్చేసరికి ముప్పై ఎనిమిది నిండుతాయి. ఇద్దరి ప్రతిభా సమానమే అనుకున్నా, రెండోవాడికి పై హోదాల వంతు వచ్చే సమయానికి విరమణ వయసు దగ్గర పడుతుంది. ఎయిర్ మార్షల్ అరవై ఏళ్లకు విరమిస్తాడు. వాయుసేనాధిపతి అరవై రెండేళ్ల వరకు, లేదా మూడేళ్ల పదవీకాలం పూర్తయ్యే వరకు, ఏది ముందైతే అంతవరకు కొనసాగుతాడు. ఎయిర్ చీఫ్ మార్షల్ ఏ.పీ. సింగ్ 1964 అక్టోబరులో పుట్టి, 1984 డిసెంబరులో, అంటే ఇరవై నిండిన కొద్ది వారాలకే కమిషన్ పొందారు. 2024 సెప్టెంబరు 30న వాయుసేనాధిపతిగా బాధ్యతలు చేపట్టారు. ఆ స్థానానికి చేరడానికి దాదాపు నలభై ఏళ్ల సర్వీసు పట్టింది. ఆలస్యంగా చేరినవారికి ఆ నలభై ఏళ్లు ఎక్కడ నుంచి వస్తాయి?

మూడు ప్రవేశాల మధ్య ఎంపిక

నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ) పరీక్షను యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు నిర్వహిస్తుంది. వాయుసేన విభాగానికి ఇంటర్‌లో భౌతిక, రసాయన, గణిత శాస్త్రాలు ఉండాలి, అంటే మన ఎంపీసీ. రెండో సంవత్సరం చదువుతున్నవారు కూడా దరఖాస్తు చేయవచ్చు. కోర్సు మొదలయ్యేనాటికి పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర ఏళ్ల మధ్య వయసుండాలి. గణితానికి 300, జనరల్ ఎబిలిటీకి 600, ఇంటర్వ్యూకు 900 మార్కులు. ఎంపికైనవారు పుణె దగ్గరి ఖడక్‌వాస్లాలో మూడేళ్లు చదివి జేఎన్‌యూ డిగ్రీతో బయటికి వచ్చి, తరువాతి శిక్షణకు హైదరాబాదు శివారులోని దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీకి వెళతారు. చదువు ఖర్చు ప్రభుత్వానిదే. వచ్చేది పర్మనెంట్ కమిషన్, అంటే విరమణ వయసు దాకా కొనసాగే నియామకం.

కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్ (సీడీఎస్) పరీక్ష కూడా యూపీఎస్సీదే. అది డిగ్రీ అయినవారికి, వాయుసేన అకాడమీకైతే ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల లోపువారికి. ఇంటర్‌లో గణితం, భౌతికశాస్త్రం చదివి ఏ డిగ్రీ చేసినా, లేదా ఇంజినీరింగ్ చేసినా అర్హులే. ఈ దారిలో చేరేవారు విమానాలు నడిపే ఫ్లయింగ్ శాఖలోకి, పర్మనెంట్ కమిషన్ మీద వస్తారు.

మూడోది ఏఎఫ్‌క్యాట్ (ఎయిర్‌ఫోర్స్ కామన్ అడ్మిషన్ టెస్ట్). దీన్ని వాయుసేనే స్వయంగా ఏడాదికి రెండుసార్లు నిర్వహిస్తుంది. నూరు ప్రశ్నలు, 300 మార్కులు, తప్పు జవాబుకు ఒక మార్కు కోత. ఫ్లయింగ్, టెక్నికల్ శాఖలకు ఇంటర్‌లో గణితం, భౌతికశాస్త్రాల్లో ఒక్కోదానిలో నూటికి యాభై, డిగ్రీలో అరవై ఉండాలి. ఫ్లయింగ్ శాఖకు ఇరవై నాలుగేళ్లు, నేల మీది పనులు చూసే గ్రౌండ్ డ్యూటీ శాఖలకు ఇరవై ఆరేళ్లు పై పరిమితి. ఈ దారిన ఫ్లయింగ్‌లో చేరేవారికి పద్నాలుగేళ్ల షార్ట్ సర్వీస్ కమిషన్, గ్రౌండ్ డ్యూటీలో షార్ట్ సర్వీస్ మీద చేరేవారికి పదేళ్లు, మరో నాలుగేళ్లు పొడిగించే వీలుతో, వస్తుంది.

ఈ మూడింటిని పక్కపక్కన పెట్టినప్పుడు నా తీర్పులో తడబాటు లేదు. ఎయిర్ కమోడోర్, అంతకు పై హోదాలు లక్ష్యమైతే ఎన్‌డీఏకు సాటి వచ్చేది లేదు. 2016 నుంచి 2024 వరకు వాయుసేనాధిపతులుగా బాధ్యతలు తీసుకున్న ధనోవా, భదౌరియా, చౌధరి, సింగ్ నలుగురూ ఎన్‌డీఏ నుంచి వచ్చినవారే. అవకాశాల సంఖ్యా దీని వైపే మొగ్గు చూపుతుంది: 2025 నోటిఫికేషన్లలో ఒక్కో ఎన్‌డీఏ పరీక్షకు వాయుసేన ఫ్లయింగ్ శాఖలో 92 స్థానాలు, గ్రౌండ్ డ్యూటీ టెక్నికల్‌లో 18, నాన్ టెక్నికల్‌లో 10 చూపగా, సీడీఎస్‌లో వాయుసేన అకాడమీకి చూపినవి 32 మాత్రమే. ఇంటర్ రెండేళ్లూ ఈఏపీసెట్ (ఒకప్పటి ఎంసెట్), జేఈఈ తప్ప మరో మాట వినిపించని మన కాలేజీల్లో ఈ సంఖ్యలు ఎవరూ పిల్లలకు చెప్పరు. అందుకే డిగ్రీ పూర్తయ్యాక సీడీఎస్ వైపు చూసి, "సార్, ఇది ఇంటర్‌లోనే తెలిసి ఉంటే" అనేవారిని చూసినప్పుడు నాకు నిజంగా బాధ కలుగుతుంది.

అలాగని సీడీఎస్‌ను చిన్నచూపు చూడవలసిన పని లేదు. పర్మనెంట్ కమిషన్ కావాలి, ఎన్‌డీఏ వయసు దాటిపోయింది అనుకునే అబ్బాయికి అదే ప్రధాన ద్వారం. ఏఎఫ్‌క్యాట్ షార్ట్ సర్వీస్ విషయంలో మాత్రం ముందే కళ్లు తెరుచుకొని నిర్ణయించుకోవాలి. పద్నాలుగేళ్లకు బయటికి వచ్చేనాటికి అధికారి వింగ్ కమాండర్ హోదాను అందుకొని ఉంటాడు. వయసు ముప్పై ఐదు నుంచి నలభై మధ్య ఉంటుంది. అధికారులకు సర్వీసు పింఛను రావాలంటే ఇరవై ఏళ్లు నిండాలి కనుక ఆ పింఛను ఉండదు. విమానం నడపాలన్నదే కోరిక, తరువాత పౌర విమానయానంలోనో మరో రంగంలోనో కొత్త జీవితం మొదలుపెట్టడానికి సిద్ధమే అనుకునేవారికి ఇది చక్కని దారి. పై హోదాలను మనసులో పెట్టుకొని ఈ దారిన వెళ్లడం మాత్రం తగదు.

ఎన్‌సీసీ గురించి ఒక్క మాట. ఎయిర్ వింగ్ 'సీ' సర్టిఫికెట్ ఉన్నవారికి ఫ్లయింగ్ శాఖలో సీడీఎస్ ఖాళీల నుంచి పదో వంతు పర్మనెంట్ కమిషన్‌కు, ఏఎఫ్‌క్యాట్ ఖాళీల నుంచి పదో వంతు షార్ట్ సర్వీస్‌కు కేటాయిస్తారు; వీరు రాతపరీక్ష లేకుండా నేరుగా ఇంటర్వ్యూ జరిపే ఎంపిక మండలికి వెళతారు. డిగ్రీ కాలేజీ ఎంచుకునేటప్పుడు అక్కడ ఎన్‌సీసీ ఏ వింగ్‌ది ఉందో అడిగి తెలుసుకోవాలి. ఆర్మీ వింగ్ ఎన్‌సీసీ సర్టిఫికెట్ ఈ ప్రత్యేక ప్రవేశానికి పనికిరాదు.

ఏ శాఖ?

వాయుసేనాధిపతి పదవి ఫ్లయింగ్ శాఖవారికే దక్కుతూ వచ్చింది. అందులోనూ ఫైటర్ పైలట్లదే పైచేయి. 2007లో ఆ పదవి చేపట్టిన, సికింద్రాబాదులో పుట్టిన ఫాలీ హోమీ మేజర్ హెలికాప్టర్ పైలట్‌గా ఆ స్థానానికి చేరిన మొదటివారు. కాబట్టి అత్యున్నత శిఖరమే గురి అయితే శాఖ విషయంలో చర్చ లేదు. అయితే ఎంపికైనంత మాత్రాన ఫైటర్ దక్కదు. దుండిగల్‌లో పిలాటస్ శిక్షణ విమానం మీద చూపిన పనితీరును బట్టి, వాయుసేన అవసరాలను బట్టి ఫైటర్, రవాణా, హెలికాప్టర్ విభాగాలకు పంపుతారు. ఫైటర్‌కు ఎంపికైనవారు బీదర్‌లో హాక్ విమానం మీద, రవాణావారు యలహంకలో, హెలికాప్టర్‌వారు హకీంపేటలో తరువాతి శిక్షణ పొందుతారు. ఆ తరువాత కూడా తంబరంలో బోధక పైలట్ కోర్సు, గ్వాలియర్‌లోని యుద్ధవ్యూహ శిక్షణ కేంద్రం, బెంగళూరులో టెస్ట్ పైలట్ కోర్సు వంటివి ఎవరు పూర్తి చేశారు, వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీకి ఎవరు ఎంపికయ్యారు, స్క్వాడ్రన్‌ను, స్టేషన్‌ను ఎవరు ఎలా నడిపారు అన్నవి పై హోదాల ఎంపికలో లెక్కకు వస్తాయి. పాతికేళ్ల వయసులో ఆగిపోయే చదువు కాదిది. ఎయిర్ కమోడోర్ స్థాయిలో కూడా ఢిల్లీ నేషనల్ డిఫెన్స్ కాలేజీలో కూర్చొని చదవవలసి ఉంటుంది.

ఇంజినీరింగ్ చేసినవారికి టెక్నికల్ శాఖ ఫ్లయింగ్‌కు తీసిపోయిన రెండో ఎంపిక కాదు. బెంగళూరు జాలహళ్లిలోని సాంకేతిక కళాశాలలో శిక్షణ పొందిన అధికారి విమానాల, రాడార్ల, క్షిపణుల నిర్వహణ బాధ్యతల మీదుగా ఎయిర్ మార్షల్ వరకు వెళ్లగలడు. కంటిచూపు వల్లనో, కాళ్ల కొలతల వల్లనో ఫ్లయింగ్‌కు అనర్హుడైన బీటెక్ విద్యార్థి నిరాశ చెందకుండా ఈ వైపు చూడాలి. అకౌంట్స్, ఎడ్యుకేషన్, లాజిస్టిక్స్, అడ్మినిస్ట్రేషన్ శాఖల్లో బాధ్యత తక్కువేమీ కాదు గానీ, పై హోదాల ఖాళీలు తక్కువ.

2022 అక్టోబరు 8న వాయుసేన దినోత్సవం నాడు ప్రకటించిన వెపన్ సిస్టమ్స్ శాఖ గురించి మన ప్రాంతపు పిల్లలు ప్రత్యేకంగా ఆలోచించాలి. భూతలం నుంచి ప్రయోగించే క్షిపణులు, మానవరహిత విమానాలు, ఒకరికన్నా ఎక్కువమంది సిబ్బంది ఉండే విమానాల్లో ఆయుధ వ్యవస్థల నిర్వహణ దీని పరిధిలోకి వస్తాయి. కర్నూలు దగ్గరి రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ నేషనల్ ఓపెన్ ఏరియా రేంజ్‌లో 2025 ఏప్రిల్‌లో లేజర్ ఆయుధంతో డ్రోన్‌ను కూల్చిన ప్రయోగం, అదే ఏడాది జులైలో డ్రోన్ నుంచి క్షిపణిని ప్రయోగించిన పరీక్ష, రాబోయే యుద్ధాల స్వరూపం ఎటు వెళుతున్నదో మన ఇంటి ముంగిట్లోనే చూపించాయి. ఈ శాఖలో ఇప్పుడు చేరేవారు దాని తొలి తరం. ఆ తరం నుంచి ఎంత పై హోదాల వరకు వెళతారన్నది ఇంకా రాయవలసిన చరిత్ర కాబట్టి, నిశ్చయంగా పై మెట్లు చూపే ఫ్లయింగ్ శాఖకు బదులుగా దీన్ని ఎంచుకోమని నేను చెప్పను. ఫ్లయింగ్ అందనప్పుడు మాత్రం నాన్ టెక్నికల్ శాఖల్లో మొదట దీన్నే అడగమంటాను.

ఆడపిల్లల విషయంలో పోలిక కొద్దిగా మారుతుంది. సీడీఎస్ ద్వారా వాయుసేన అకాడమీ ద్వారం వారికి లేదు. ఏఎఫ్‌క్యాట్ ద్వారా అన్ని శాఖల్లోనూ చేరవచ్చు. 2021లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఎన్‌డీఏ కూడా తెరుచుకుంది. మొదటి జట్టులోని 17 మంది యువతులు 2025 మే నెలలో శిక్షణ పూర్తి చేసుకున్నారు. సీట్లు చాలా తక్కువే, 2025 నోటిఫికేషన్‌లో ఫ్లయింగ్ శాఖలో రెండే. అయినా ఎంపీసీ చదివే అమ్మాయికి దీర్ఘకాలపు వృత్తి కావాలంటే మొదట ఎన్‌డీఏ రాసి, అందకపోతే డిగ్రీ తరువాత ఏఎఫ్‌క్యాట్ వైపు రావడమే మంచిది.

బైపీసీ పిల్లలకు పై మూడు దారుల్లో ఫ్లయింగ్ శాఖ మూసుకున్నట్టే. వారికి వైద్య విభాగం ఉంది. 1944లో మన రాయలసీమలోని తిరుపతిలోనే పుట్టి, పుణె ఆర్మ్‌డ్ ఫోర్సెస్ మెడికల్ కాలేజీలో చదివి, 1968లో వాయుసేనలో చేరిన డాక్టర్ పద్మా బందోపాధ్యాయ్ భారత వాయుసేనలో ఎయిర్ మార్షల్ హోదా పొందిన మొదటి మహిళ. ఇప్పుడు ఆ కాలేజీకి నీట్ ద్వారా వెళ్లాలి.

రాతపరీక్ష తరువాత

మన పిల్లలు ఎక్కువగా ఆగిపోయేది లెక్కల దగ్గర కాదు, ఎంపిక మండలి దగ్గర. వాయుసేన ఎంపిక మండళ్లు డెహ్రాడూన్, మైసూరు, గాంధీనగర్, వారణాసి వంటి చోట్ల ఉన్నాయి. అక్కడ సుమారు ఐదు రోజులు ఉంటారు. మొదటి రోజు ప్రజ్ఞా పరీక్ష, చిత్రాన్ని చూసి కథ రాసి గుంపులో చర్చించడం ఉంటాయి, అక్కడే చాలామందిని వెనక్కి పంపేస్తారు. చర్చల్లో ఇంగ్లిషు తడబడటం మన జిల్లాల పిల్లలకు పెద్ద అడ్డంకి. తెలుగు మాధ్యమంలో చదివినంత మాత్రాన ఆలోచన తక్కువ కాదు, కానీ ఆ ఆలోచన పలకకపోతే ఎదుటివారికి చేరదు. నెలకు వేల రూపాయలు తీసుకునే కోచింగ్‌కన్నా, రోజూ నలుగురు స్నేహితులు కూర్చొని ఒక వార్త మీద అరగంట ఇంగ్లిషులో మాట్లాడుకోవడం ఎక్కువ ఫలితమిస్తుందని నా అనుభవం.

ఫ్లయింగ్ కోరుకునేవారు కంప్యూటర్ మీద జరిగే పైలట్ ఎంపిక పరీక్షను జీవితంలో ఒక్కసారే రాయగలరు. అందులో తప్పితే ఏ దారిన వచ్చినా మళ్లీ ఫ్లయింగ్ శాఖ అందదు. అందువల్ల "ఊరికే ఒకసారి చూసి వద్దాం" అని సన్నద్ధత లేకుండా మైసూరు రైలెక్కడం ప్రమాదకరం.

వైద్య ప్రమాణాలను దరఖాస్తుకు ముందే చూసుకోవాలి. ఫ్లయింగ్‌కు కనీసం 162.5 సెంటీమీటర్ల ఎత్తు, 99 నుంచి 120 సెంటీమీటర్ల మధ్య కాళ్ల పొడవు, రంగుల గుర్తింపులో ఏ లోపమూ లేకపోవడం తప్పనిసరి. గ్రౌండ్ డ్యూటీలో ఎత్తు పరిమితి పురుషులకు 157.5, స్త్రీలకు 152 సెంటీమీటర్లు. పళ్లకు కూడా పాయింట్ల లెక్క ఉంది. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన అనంతపురం జిల్లా పల్లెల పిల్లలు ముందుగానే దంతవైద్యుణ్ణి కలవడం మంచిది.

జీతం గురించి తండ్రులు తప్పక అడుగుతారు. శిక్షణ చివరి దశలో నెలకు 56,100 రూపాయల స్టైపెండు, కమిషన్ తరువాత అదే మూలవేతనం, దానిపై 15,500 మిలిటరీ సర్వీస్ పే, కరువు భత్యం, పైలట్లకు ఫ్లయింగ్ భత్యం ఉంటాయి. వింగ్ కమాండర్ మూలవేతనం 1,21,200 నుంచి మొదలవుతుంది. బెంగళూరు సాఫ్ట్‌వేర్ జీతాలతో పోల్చి కొందరు పెదవి విరుస్తారు. ఆ పోలికకన్నా, రెండు మూడేళ్లకొకసారి బదిలీ, తేజ్‌పూర్ నుంచి జైసల్మేర్ దాకా ఎక్కడ పడితే అక్కడ కాపురం, వయసు మళ్లిన తల్లిదండ్రులు నంద్యాలలోనో ప్రొద్దుటూరులోనో ఒంటరిగా ఉండటం, వీటికి ఇంటిల్లిపాదీ ఒప్పుకుంటారా అన్నది ముందుగా మాట్లాడుకోవలసిన విషయం.

ఇక ఎవరికి వారు ఎక్కడ మొదలుపెట్టాలి? ఐదో తరగతి, ఎనిమిదో తరగతి పిల్లలుంటే కలికిరి సైనిక్ స్కూలులో ఆరు, తొమ్మిది తరగతుల ప్రవేశానికి ప్రయత్నించండి. ఎన్‌డీఏ వాతావరణం అక్కడ చిన్ననాటినుంచే అబ్బుతుంది. ఇంటర్ ఎంపీసీ మొదటి సంవత్సరంలో ఉంటే జేఈఈ పుస్తకాల పక్కనే ఎన్‌డీఏ జనరల్ ఎబిలిటీ పుస్తకం పెట్టండి. గణితం భాగం చాలావరకు ఒకటే, అదనంగా పడే భారం ఇంగ్లిషు, చరిత్ర, భూగోళాలదే. బీటెక్ చివరి ఏట ఉన్నవారు సీడీఎస్, ఏఎఫ్‌క్యాట్ రెండూ రాయండి, సీడీఎస్ వస్తే దాన్నే ఎంచుకోండి. ఇరవై నాలుగు దాటినవారు గ్రౌండ్ డ్యూటీ టెక్నికల్‌ను మొదటి ఎంపికగా పెట్టుకోండి.

వీటన్నిటికన్నా ముందు ఇంట్లో చేయవలసిన పని ఒకటుంది. పదో తరగతి మెమో తీసి పుట్టిన తేదీ చూడండి. యూపీఎస్సీ ఆ తేదీని తప్ప మరే తేదీని లెక్కలోకి తీసుకోదు. మన పల్లెల్లో బడిలో చేర్చేటప్పుడు వయసు చాలదని ఒక ఏడాది పెంచి, జూన్ ఒకటో తేదీనో, జులై ఒకటో తేదీనో రాయించిన పిల్లలు ఎంతోమంది ఉన్నారు. 2025 మొదటి ఎన్‌డీఏ పరీక్షకు 2006 జులై 2కు ముందు పుట్టినవారు అనర్హులు. 2006 జులై 1 అని మెమోలో ఉన్న పిల్లవాడు నిజంగా 2007లో పుట్టినా ఒక్క రోజు తేడాతో బయటే నిలబడ్డాడు. మెమోలో ఉన్న తేదీ ప్రకారం పందొమ్మిదిన్నర ఎప్పుడు నిండుతుందో గోడ మీది క్యాలెండరులో రాసుకొని, ఆలోగా ఎన్ని ఎన్‌డీఏ పరీక్షలు మిగిలి ఉన్నాయో లెక్కపెట్టి, ఆ కాగితంతో నా దగ్గరికి వస్తే మిగతా మాట సులభంగా చెప్పగలను.